ప్రొఫెసరు గారి జీతమెంత?

మా ఊరివైపు కొత్తగా ఉద్యోగస్తుడెవరైనా కనబడితే అడిగే ప్రశ్నలు రెండే. జీతమెంత? పైన ఏమన్నా వస్తుందా? ప్రొఫెసరు గారి విషయంలో రెండో ప్రశ్నకు చోటు తక్కువ కాబట్టి అందరి దృష్టీ మొదటిదాని మీదే వుంటుంది. దానికి రచ్చబండ మీద దొరికే జవాబు ఒకటి: "నెలకు రెండు లక్షలట, రోజుకు రెండు గంటల పనట." పట్నంలో, ముఖ్యంగా ప్రతి సెప్టెంబరు 5వ తేదీన జరిగే సన్మాన సభల్లో, దొరికే జవాబు ఇంకొకటి. అక్కడ వక్తలు ఇప్పటికీ "బతకలేక బడిపంతులు" అన్న సామెతతోనే ఉపన్యాసం మొదలుపెడతారు. ఈ రెండు జవాబులూ ఒకే కాలేజీలో, ఒకే వరండాలో, పక్కపక్క గదుల్లో ఏకకాలంలో నిజం కావడమే నేటి మన ఉన్నత విద్యారంగంలోని వింత.

బి.యస్సీ. చదివేవాడు ఏ లేజరు కిరణాల గురించో వ్రాసుకోక సార్ల జీతాల గొడవ ఎత్తుకోవడమేమిటని కొందరు మిత్రులు నవ్వారు. నవ్వనీయండి. వచ్చే ఏడాది ఎమ్మెస్సీకి పోవాలా, బి.ఇడి.కి పోవాలా, బ్యాంకు పరీక్షల పుస్తకాలు కొనుక్కోవాలా అన్నది తేల్చుకోవలసినవాణ్ణి నేను. రెండున్నర ఎకరాల సొంత పొలం, మూడు ఎకరాల కౌలు వున్న ఇంట్లో ఇంకో అయిదారేళ్ళు చదువుతానని చెప్పాలంటే, ఆ చదువు చివర ఏముందో చెప్పగలగాలి కదా! అందుకని ఈ లెక్క కట్టడం మొదలుపెట్టాను. కట్టేకొద్దీ నా సొంత లెక్క పోయి పెద్ద లెక్క బయటపడింది.

ముందు మంచి మాటే చెప్పుకొందాం. విశ్వవిద్యాలయాల్లోని బోధకుల జీతాలకు శ్రేణులు సూచించేది విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యు.జి.సి. ఏడవ వేతన సంఘం తరువాత 2016 జనవరి 1 నుంచి వర్తించేట్లుగా ఖరారైన శ్రేణుల ప్రకారం అసిస్టెంటు ప్రొఫెసరు మూలవేతనం రూ. 57,700తో మొదలవుతుంది. అసోసియేటు ప్రొఫెసరుకు రూ. 1,31,400. ప్రొఫెసరుకు రూ. 1,44,200. ఆపైన సీనియర్ ప్రొఫెసరుకు రూ. 1,82,200. ఏటా మూడు శాతం ఇంక్రిమెంటు. దీనిమీద కరువు భత్యం, ఇంటద్దె భత్యం. హైదరాబాదులోని ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని తీసుకొని 2024 జనవరి నాటి రేట్లతో కట్టి చూశాను. అప్పుడు కరువు భత్యం 50 శాతం, ఇంటద్దె 30 శాతం. ఆ రోజున చేరిన అసిస్టెంటు ప్రొఫెసరుకు రూ. 1,03,860. ప్రొఫెసరు శ్రేణిలో తొలిమెట్టు మీదున్నవారికి రూ. 2,59,560. ఆ తరువాత కరువు భత్యం ఇంకా పెరిగింది. కనుక రచ్చబండ మీది "రెండు లక్షలు" పుకారేమీ కాదు. (రెండు గంటల పని మాత్రం పుకారే. యు.జి.సి. నిబంధన ప్రకారం అసిస్టెంటు ప్రొఫెసరు వారానికి 16 గంటలు, పై ఇద్దరూ 14 గంటలు ప్రత్యక్షంగా పాఠం చెప్పాలి. మొత్తం పని వారానికి 40 గంటలు. ఎవరు ఎంత చెబుతున్నారన్నది నోటీసుబోర్డు మీది టైంటేబులుకూ వారి అంతరాత్మకూ సంబంధించిన విషయం.)

రైతుబిడ్డగా ఒక మాట దాచకుండా చెబుతాను. ఈ అంకెలు చూసినప్పుడు నాకు కొంచెం కన్ను కుట్టింది. ధరలు పెరిగితే కరువు భత్యం పెరుగుతుంది. మా ఇంట్లో ధరలు పెరిగితే ఎరువుబస్తా ఖర్చు పెరుగుతుంది. ఏటా మూడు శాతం చొప్పున మా పొలానికి ఎవరూ ఇంక్రిమెంటు వేయలేదు. అయినా ఆ జీతం ఎక్కువని నేననను. ముప్పై ఏళ్ళు నిండేదాకా చదువుతూనే వుండి, పరిశోధన పేరున జీవితంలో మంచి వయసంతా ప్రయోగశాలలో గడిపినవాడికి మర్యాదగా బతికే జీతం రావాలి. తెలివైన పిల్లవాడు బోధన వైపు తిరిగి చూడాలంటే అంతమాత్రం వుండాల్సిందే.

పాత రోజులతో పోలిస్తే ఎలా వుందో కూడా చూశాను. 1973 శ్రేణుల్లో లెక్చరరు రూ. 700తో, ప్రొఫెసరు రూ. 1,500తో మొదలయ్యేవారు. 1986లో రూ. 2,200, రూ. 4,500. 1996లో రూ. 8,000, రూ. 16,400. అంటే ఆ ఇరవై మూడేళ్ళూ ప్రొఫెసరు జీతం లెక్చరరు జీతానికి కాస్త అటూఇటుగా రెండింతలు. ఇప్పుడు చూడండి, రెండున్నర రెట్లు. ఈ ఎడం 2006 సవరణతోనే వచ్చింది. ఈ శ్రేణులు ఊరికే ఊడిపడలేదు. 1987లో దేశమంతటా కళాశాల, విశ్వవిద్యాలయ అధ్యాపకులు సమ్మె చేశారు. ఆనాటి లెక్చరర్లు పోరాడి తెచ్చుకొన్న హక్కుల నీడన ఈనాటి ప్రొఫెసర్లు కూర్చున్నారు. ఈ సంగతి నేను మళ్ళీ ఎత్తుతాను.

ఇక జీతాన్ని పెంచేవీ తగ్గించేవీ ఏమిటి? విద్యార్థిగా నాకు తట్టే సహజమైన జవాబు: బాగా పాఠం చెప్పేవాడికి ఎక్కువ, చెప్పనివాడికి తక్కువ. ఆ జవాబుకు పరీక్షలో సున్నా మార్కులు. జీతం నిర్ణయించేవాటిలో మొదటిది చేరిన తేదీ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు 1కి ముందు చేరినవారికి పాత పెన్షను. ఆనాటి నుంచి చేరినవారు తమ వేతనంలో పది శాతం కట్టుకొనే కంట్రిబ్యూటరీ పెన్షనులోకి వెళ్ళారు. ఒక్క రోజు తేడా, జన్మంతా తేడా. రెండవది పదవీ విరమణ వయస్సు. తెలంగాణ విశ్వవిద్యాలయాల్లో 2025 జనవరి చివరిలో 60 నుంచి 65కు పెంచారు. జీతం అత్యధికంగా వుండే దశలో అయిదేళ్ళు కలిశాయంటే అది మామూలు పెంపా? మూడవది రాష్ట్ర ఖజానా. కేంద్రం ఉత్తర్వు 2017 నవంబరులో వస్తే మన రెండు రాష్ట్రాల ఉత్తర్వులూ 2019లో గాని రాలేదు. కరువు భత్యం కిస్తీలూ అంతే, కేంద్రం వారికి పండుగకు వస్తే రాష్ట్రం వారికి మాసికానికి వస్తాయి.

నాలుగవది పదోన్నతి. ఇక్కడైనా పాఠానికి విలువ వుంటుందనుకొన్నాను. 2018 నిబంధనల్లో బోధనను కొలిచే పద్ధతి ఏమిటంటే, తనకిచ్చిన క్లాసుల్లో 80 శాతం, ఆపైన తీసుకొంటే "మంచిది", 70 నుంచి 80 లోపయితే "సంతృప్తికరం". అంతే! అంటే బోధనకు కూడా అటెండెన్సే. మనకు 75 శాతం లేకపోతే హాలుటిక్కెట్టు ఆపుతారు గదా, సార్లదీ ఇంచుమించు అదే బాధ. ఆ క్లాసులో కూర్చున్న అరవై మందికి ఏమైనా అర్థమయిందా అని అడిగే గడి ఆ ఫారంలో ప్రధానమైనది కాదు. కొలిచేదంతా పరిశోధనా పత్రాలను. పత్రాలు లెక్కబెట్టడం మొదలయ్యేసరికి డబ్బు తీసుకొని అచ్చువేసే పత్రికలు పుట్టగొడుగుల్లా వచ్చాయి. వాటిని ఏరివేయడానికి యు.జి.సి. ఒక జాబితా పెట్టింది, 2025 ఫిబ్రవరిలో ఆ జాబితానూ ఎత్తివేసింది. ఇంతా చేసి డాక్టరేటుతో చేరినవారికి 2006 శ్రేణుల్లో ఇచ్చిన అయిదు అదనపు ఇంక్రిమెంట్లను ఏడవ వేతన సవరణలో తీసేశారు! పరిశోధన కావాలంటారు, పరిశోధకుడికిచ్చే ఇంక్రిమెంటు మాత్రం వద్దంటారు.

ఒక విషయంలో మాత్రం మన పద్ధతి నాకు నచ్చింది. మన విశ్వవిద్యాలయాల్లో తెలుగు ప్రొఫెసరుకూ, భౌతికశాస్త్ర ప్రొఫెసరుకూ, కామర్సు ప్రొఫెసరుకూ శ్రేణి ఒక్కటే. మనవాళ్ళు ఎగబడి వెళ్ళే అమెరికాలో అలా కాదు. బయట గిరాకీ వున్న వ్యాపార నిర్వహణ, న్యాయశాస్త్రం వంటివి చెప్పేవారికి ఎక్కువ, సాహిత్యమో చరిత్రో చెప్పేవారికి తక్కువ. పైగా చాలాచోట్ల జీతం తొమ్మిది నెలలకే లెక్క, వేసవి జీతం పరిశోధనా నిధుల నుంచి ఎవరికి వారు తెచ్చుకోవాలి. కోర్సుకింత అని మాట్లాడుకొని చెప్పిపోయే తాత్కాలిక అధ్యాపకులు అక్కడా అసంఖ్యాకంగా వున్నారు. ఆ చివరి ముక్క ఒక్కటే మనం అక్కడినుంచి బహు శ్రద్ధగా నేర్చుకొన్నట్లుంది.

ఇంతవరకూ చెప్పింది నిచ్చెన మీద వున్నవారి సంగతి. నిచ్చెన ఎక్కనివ్వనివారి సంగతి ఇక చెప్పాలి. వారిని కాంట్రాక్టు లెక్చరర్లని, పార్టుటైము వారని, గెస్టు ఫ్యాకల్టీ అని రకరకాల పేర్లతో పిలుస్తారు. గెస్టు అంటే అతిథి. అతిథి దేవోభవ అన్న దేశంలో అతిథి చేత ఇంటిచాకిరీ అంతా చేయించుకొనే ఏర్పాటు ఇది. 2019 జనవరిలో యు.జి.సి. వీరికి క్లాసుకు రూ. 1,500, నెలకు రూ. 50,000 మించకుండా ఇవ్వమన్నది. వినడానికి బాగానే వుంది. లెక్క కట్టండి. 33 క్లాసులకు రూ. 49,500 అయిపోతుంది. అసిస్టెంటు ప్రొఫెసరుకున్నట్లే వారానికి 16 గంటలు ఇస్తే నెలకు 64 క్లాసులు. అంటే నెలలో సగం క్లాసులకు పైకం, మిగతా సగం గురుదక్షిణ! అది కూడా ఆ గరిష్ఠ మొత్తం నిజంగా చేతికి వచ్చేచోట. అర్హతలు మాత్రం క్రమబద్ధంగా చేరే అసిస్టెంటు ప్రొఫెసరుకు ఏమి కావాలో వారికీ అవే కావాలి.

మాకు రసాయనశాస్త్రం చెప్పే ఒక సారు ఇటువంటివారే. పేరు వ్రాయను, వ్రాస్తే ఆయనకే కష్టం. డాక్టరేటు వుంది, నెట్ వుంది. నాకు తెలిసినంతలో బోర్డు మీద ఒక యాంత్రికవిధానాన్ని ఆయనలా విప్పిచెప్పేవారు మా కళాశాలలో మరొకరు లేరు. ఆయనకు క్లాసు లెక్కన ఇస్తారు. ప్రాక్టికల్సులో మూడు గంటలు నిలబడినా దాన్ని ఒక క్లాసుగానే కట్టారట. రికార్డులు దిద్దడం లెక్కలో లేదు. దసరాకు సెలవులిస్తే మేము ఎగిరి గంతేశాం, ఆయన వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకొన్నారు. మే నెలలో క్లాసులుండవు కాబట్టి జీతమూ వుండదు. జూన్‌లో మళ్ళీ దరఖాస్తు, మళ్ళీ ఇంటర్వ్యూ. తొమ్మిదేళ్ళుగా ఇదే తంతు. ఆయన దగ్గర నేర్చుకొని పరిశోధనకు వెళ్ళిన ఒక సీనియరు ఇప్పుడు జె.ఆర్.ఎఫ్. కింద నెలకు రూ. 37,000 తీసుకొంటున్నాడు. 2023 నుంచి ఆ రేటు. శిష్యుడి ఉపకారవేతనం గురువు జీతం కంటే ఎక్కువ, అదీ పన్నెండు నెలలూ వస్తుంది.

సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు ఈ సంగతి చెబితే మా నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అయితే మీ సారూ మనలాంటోడేరా. దున్నేదీ ఆయనే, విత్తేదీ ఆయనే. పాసుపుస్తకంలో పేరుండదు, అంతేగా?" అన్నాడు. కౌలురైతుకు బ్యాంకు అప్పు పుట్టదు, పంట పోతే పరిహారం అతని చేతికి రావడం కష్టం, వచ్చే ఏడు ఆ చేను తనదో కాదో తెలియదు. ఆ సారుకూ బ్యాంకువాళ్ళు ఇంటి అప్పు ఇవ్వలేదు. పోలిక సరిపోయింది గానీ ఒకచోట సరిపోదు. మా కౌలు బస్తాలు భూమిగల ఆసామి ఇంటికి పోతాయి. ఇక్కడ సారు దగ్గర మిగిల్చిన సొమ్ము పక్కగదిలోని ప్రొఫెసరు గారింటికి పోవడం లేదు. ఆ మిగులంతా ప్రభుత్వానిదీ, పాలకవర్గానిదీ. పర్మనెంటు సార్లను దోషులుగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదని పాఠకులు గ్రహించాలి.

ఎందుకిలా జరుగుతోంది? నాకు అర్థమయినంతలో మూలం ఇది. కొత్త శ్రేణులు వచ్చినప్పుడల్లా అదనపు ఖర్చులో కేంద్రం కొంతకాలం కొంత భరిస్తుంది. 2006 శ్రేణులకు 2010 మార్చి దాకా 80 శాతం భరించింది. ఏడవ వేతన సవరణకు 2019 మార్చి దాకా 50 శాతమే. ఆ తరువాత భారమంతా రాష్ట్రానిదే. ఒక పోస్టు నింపితే ముప్పై ఏళ్ళ జీతం, ఆపైన పెన్షను. నింపకపోతే ఒక పర్మనెంటు మనిషి జీతంతో ముగ్గురు తాత్కాలికులను పెట్టుకోవచ్చు. ఏ ఆర్థికశాఖ అధికారి అయినా ఏమి చేస్తాడు? అందుకే ప్రొఫెసర్లు రిటైరవుతారు, కుర్చీ ఖాళీ అవుతుంది, కుర్చీ తీసి స్టూలు వేస్తారు. శ్రేణి ఎంత గొప్పగా వుంటే దాన్ని ఎవరికీ ఇవ్వకుండా వుండే తొందర అంత ఎక్కువ. సెల్ఫు ఫైనాన్సు కోర్సుల పేర మన దగ్గర ఎక్కువ ఫీజు వసూలు చేసే చోట కూడా చెప్పేది తాత్కాలికులే కావడం మాత్రం ఏ ఖజానా లోటుతోనూ సమర్థించుకోలేని విషయం.

న్యాయస్థానాలు ఈ సంగతి గమనించకపోలేదు. ఒకే పనికి ఒకే వేతనం అన్న సూత్రం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందని 2016 అక్టోబరులో పంజాబు ప్రభుత్వానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2025 ఆగస్టులో గుజరాతు ప్రభుత్వ ఇంజనీరింగు కళాశాలల కాంట్రాక్టు అసిస్టెంటు ప్రొఫెసర్ల కేసు వచ్చింది. అక్కడ వారికి నెలకు రూ. 30,000. అదే పని చేసే పర్మనెంటు వారికి సుమారు రూ. 1,36,000. గురువే బ్రహ్మ, గురువే విష్ణువు అని సభల్లో చదివితే చాలదు, అది గురువును చూసే తీరులో కనబడాలన్న అర్థం వచ్చేట్లు న్యాయమూర్తులు మందలించి, వారికి అసిస్టెంటు ప్రొఫెసరు శ్రేణిలోని కనీస వేతనం ఇవ్వాలని, బకాయిలకు ఎనిమిది శాతం వడ్డీ కట్టాలని ఆదేశించారు. నాలుగున్నర రెట్ల తేడా! మన దగ్గర లేదనగలమా?

ఇందాక మళ్ళీ ఎత్తుతానన్న విషయం ఇది. పెద్దలు నన్ను మన్నించాలి. మన ఆచార్యుల సంఘాలు కరువు భత్యం బకాయిల కోసం, పదవీ విరమణ వయస్సు కోసం వినతిపత్రాలు ఇస్తాయి, ఇవ్వాలి కూడా. ఆ పత్రాల్లో మొదటి కోరికగా తమ పక్కగదిలోని తాత్కాలిక సహోద్యోగి పేరు ఎన్నిసార్లు కనబడింది? తాత్కాలికులు ధర్నాకు కూర్చుంటే టెంటు దగ్గరకు వచ్చి పది నిమిషాలు కూర్చున్న సీనియరు ఆచార్యులు ఎందరు? ఇద్దరు వచ్చారు, నేను చూశాను, వారికి నా నమస్కారం. మిగతావారు అటువైపు గేటు నుంచి వెళ్ళారు. రిటైరుమెంటు అయిదేళ్ళు పెరిగితే మరో అయిదేళ్ళు ఖాళీలు తగ్గుతాయన్న భయం తాత్కాలికులకు వుండడం సహజం. ఆ భయాన్ని పోగొట్టవలసినవారు సీనియర్లే. లేకపోతే ఇంకో పదిహేనేళ్ళకు ఆచార్య సంఘంలో సభ్యత్వానికి అర్హులే వుండరు.

మనం మాత్రం ఏమి తక్కువ? మెస్సు బిల్లు పది రూపాయలు పెరిగితే వి.సి. గారి బంగళా ముందు బైఠాయించే మనం, మనకు పాఠం చెప్పినాయనకు రెండు నెలలుగా పైకం రాలేదంటే "అయ్యో పాపం" అని క్యాంటీనుకు వెళ్ళాం. మన డిగ్రీ విలువ ఆయన బోధనలో వుంది. రెండో కాలేజీలో సాయంత్రం క్లాసు పట్టుకోవడానికి బస్సు కోసం పరుగెత్తే మనిషి మన సందేహం వినడానికి ఎక్కడ ఆగుతాడు? ఇది ఆయన సమస్య ఎంతో మన సమస్యా అంతే.

ఎనిమిదవ వేతన సంఘం 2025లో ఏర్పాటయింది. ఇవాళో రేపో విశ్వవిద్యాలయాలకు కూడా కొత్త శ్రేణుల మాట వస్తుంది, మూలవేతనాలు ఇంకా పెరుగుతాయి, స్టూళ్ళ సంఖ్యా పెరుగుతుందేమోనని నా అనుమానం. కాబట్టి కొత్తగా ఎన్నికయ్యే విద్యార్థి సంఘానికి ఈ సంచిక ద్వారా విన్నపం చేసుకొంటున్నాను. మీ కోర్కెల పత్రంలో హాస్టలు నీళ్ళు, లైబ్రరీ వేళలతో పాటు ఇవి కూడా చేర్చండి. తాత్కాలిక అధ్యాపకులకు శ్రేణిలోని కనీస వేతనం ఇవ్వాలి. ప్రాక్టికల్సు గంటను గంటగానే లెక్కించాలి. రికార్డులు, పేపర్లు దిద్దే పనికి పైకం కట్టాలి. ప్రతి విభాగంలో మంజూరయిన పోస్టులెన్ని, నిండినవెన్ని అన్నది ఏటా జూన్‌లో నోటీసుబోర్డు మీద పెట్టాలి. మే నెల జీతం మే నెలలోనే ఇవ్వాలి. సంతకాలు సేకరించే పని నాకు అప్పగించండి. సైన్సు బ్లాకులో మూడు సెక్షన్లు, హాస్టలు రెండు బ్లాకులు నేను తిరుగుతాను.